రెండో ప్రమాణం లేనివాడు

పోయిన వారం మనం జయరాజును యల్లమందయ్య గొడ్లసావిడి ముందు తల వంచుకుని నిలబడగా విడిచి వచ్చాము. ఆ తల అట్లా వంగడానికి కారణమేమిటో ఒక్కసారి తలచుకుని ముందుకు సాగుదాం. గురజాల తాలూకా మల్లవరపాడు మాలపల్లెలో పుట్టిన జయరాజు సర్కారు పటాలంలో సిపాయి. సింగపూరు పడిపోయిన నాడు జపాను వారి చేత చిక్కి, ఏళ్ళ తరబడి చెరలో మగ్గి, ఎడమచేతి మూడు వేళ్ళు పరాయి ద్వీపంలో పోగొట్టుకుని, యుద్ధం ముగిసిన పిమ్మట ఇల్లు చేరాడు. చెరలో గడిపిన కాలపు జీతమూ, పోయిన వేళ్ళకు జీవితాంతపు పింఛనూ అతనికి రావలసి ఉన్నవి. అయితే చెరలో ఉండగా ఆజాద్ హింద్ ఫౌజులో చేరిన వారికి ఆ జీతమూ లేదు, ఆ పింఛనూ లేదని సర్కారు నిర్ణయం. జయరాజు ఆ ఫౌజులో చేరలేదు. చేరాడని ఊరంతా నమ్మింది. ఆ నమ్మకాన్ని పుట్టించినవాడు ఊరి పెద్దరైతు యల్లమందయ్య. కాదని చెప్పక పెరగనిచ్చినవాడు జయరాజు.

గడచిన వేసవిలో యల్లమందయ్య అతణ్ణి ఫౌజు వీరుడని చాటి, మెడనిండా దండలు వేసి, మేళతాళాలతో ఊరేగించాడు. పలనాటి పూర్వాచారమని చెప్పి సర్వవర్ణాలనూ ఒక్క పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడు. ఆ ఛాయాచిత్రం బెజవాడ పత్రికలో వచ్చింది. అది గుంటూరులోని సిపాయిల బోర్డు వారి కంట పడింది. జీతం అక్కడితో ఆగిపోయింది. విచారణకు ఒక పెద్దమనిషి వస్తున్నాడనగానే యల్లమందయ్య తన సావిడి ముందుకు జయరాజును పిలిపించుకుని అన్న మాట ఇది:

“ఔను, ఫౌజులో చేరాననే చెప్పు. నీ పెళ్ళాం రాసిచ్చిన అప్పు నోటు నీ చేతిలోనే పెడతా. కాదన్నావో, ఆ నోటు కోర్టులో పెడతా. నీ రెండెకరాల చెక్క నీకుండదు.”

జయరాజు తల వంచుకుని ఇంటికి వచ్చాడు.

తెల్లవారి సువార్తమ్మ పొయ్యి ముందు కూర్చుని, మగని మాట చివరంటా విన్నది. ఆమె మనిషి సన్నం. మాట మాత్రం ఎంత పెద్దవాడి ముందైనా సన్నగిల్లేది కాదు. మగడు గల్లంతయ్యాడని సర్కారు వారు ఇంటికి వచ్చే మనియార్డరు సగానికి తగ్గించిన కాలంలో, అత్తను మంచంలో పెట్టుకుని, గత్యంతరం లేక యల్లమందయ్య దగ్గర అప్పు తెచ్చి ఆ నోటు మీద వేలిముద్ర వేసింది ఆమే.

“ఆయన మాట నమ్మి నువ్వు జీతం వదులుకుంటావు. రేపు ఆయన నోటు వదలకపోతే?”

“పదిమంది ముందు అన్నాడు గందే.”

“ఆ పదిమందీ ఎవరు? ఆయన పాలేళ్ళు. వాళ్ళొచ్చి నీ పక్కన సాచ్చికం చెపుతారా? ఏందయ్యా నీ నమ్మకం! నాకొకటి చెప్పు. ఆ రోజు దండలేసినప్పుడు నోరెందుకు రాలేదు నీకు?”

జయరాజు గోడకు తగిలించిన తన బూట్ల వంక చూశాడు. ఆ ప్రశ్న అతణ్ణి ఆ వేసవి నుంచీ వెంటాడుతూనే ఉన్నది. ఊళ్ళో పెద్దవీధిని దాటవలసి వస్తే అతని తండ్రి చెప్పులు విడిచి చేతపట్టుకుని, వంగి, గోడవార నడిచేవాడు. తాతా అట్లాగే నడిచాడు. ఆ వీధిలో ఆనాడు జయరాజు బూట్లు తొడిగి, నడుమ నడిచాడు. ఇరువైపుల అరుగుల మీదివారు లేచి నిలబడ్డారు. చాపకూటిలో అతని విస్తరి పక్క విస్తరి యల్లమందయ్యది. ‘నేను ఆ ఫౌజు వాణ్ణి కానండీ’ అన్న ఒక్క మాట గొంతులోకి వచ్చింది. ఆ మాట బయటపడిన మరుక్షణం బూట్లు విప్పమంటారని తెలిసి, దాన్ని మళ్ళీ లోపలికే మింగాడు. పరాయి ద్వీపంలో కొరడాకు లొంగని మనిషి సొంత ఊరి పూలదండకు లొంగాడు. మనుష్యుని బలహీనత ఎక్కడ పొంచి ఉంటుందో భగవంతునికే ఎరుక.

“అప్పుడు రాలేదే,” అన్నాడు చివరికి. “బాగుండింది. అందుకని రాలేదు.”

సువార్తమ్మ పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన బైబిలు తీసి చంకన పెట్టుకుంది. “నేనూ వస్తున్నా పద,” అంది.

చావడి దగ్గర జనం అప్పటికే కమ్ముకున్నారు. గురజాల స్టేషనులో రైలు దిగి, జట్కాలో వచ్చిన విచారణాధికారి అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పేరు అలీ సాహెబ్, ఊరు క్రోసూరు, పటాలంలో సుబేదారుగా చేసి కొలువు విరమించిన వృద్ధుడు. తెల్లని గడ్డం, నిటారైన వెన్ను, రొమ్మున వరసగా పతకాలు. బోర్డు వారి పక్షాన పలనాటి సిపాయిల తగవులు తేల్చేవాడు ఆయనే. ఆయన కలం ‘తెలుపు’ అని రాస్తే ఆ సిపాయి సర్కారుకు విశ్వాసపాత్రుడు, అన్నీ అందుతాయి. ‘నలుపు’ అని రాస్తే ఫౌజులో చేరినవాడు, రిక్తహస్తాలతో పోవలసిందే.

ఆయనకు కుడివైపు బల్ల మీద యల్లమందయ్య, మడత నలగని ఖద్దరుతో, ఆ ఊరికే గాక ఆ విచారణకు కూడా తానే యజమాని అన్నట్టు కూర్చున్నాడు. జిల్లా బోర్డుకు నిలబడబోతున్న మనిషి. ఫౌజు వీరుణ్ణి పలనాట ముందుగా సత్కరించింది తానేనని ప్రతి సభలోనూ చెప్పుకుంటున్న మనిషి.

జయరాజు మెట్ల దగ్గర ఆగాడు. వేసవిలో ఇదే అరుగు మీద అతనికి జంబుఖానా పరిచారు. ఈనాడు ఎక్కమని ఎవరూ అనలేదు; ఎక్కవద్దనీ అనలేదు. అతడు కింది మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి నిలబడిపోయాడు.

అలీ సాహెబ్ తల ఎత్తాడు. “సిపాయివేనా నువ్వు?”

“ఔనండి.”

“సిపాయి ఇట్లా నిలబడతాడా? పైకైనా రా, కిందనైనా ఉండు.”

జనంలో ఎవడో కిసుక్కున నవ్వాడు. జయరాజు మెట్లెక్కి, మడమలు చేర్చి నిలబడ్డాడు. అరుగు చివర కూర్చున్న ఒక ముసలి రైతు పంచె సర్దుకుని కొంచెం అవతలికి జరిగాడు.

అలీ సాహెబ్ పత్రికను మడత విప్పి మోకాలి మీద పరిచాడు. “ఈ బొమ్మలో దండల్లో మునిగినవాడు నువ్వేగా?”

“నేనేనండి.”

“వెనకాల గుడ్డ మీద ఏమి రాశారు?”

“ఆజాద్ హింద్ వీరుడని.”

“మరి బోర్డుకు పంపిన అర్జీలో ఏమి రాయించావు? ఫౌజులో చేరలేదని! ఊరి ముందు వీరుడివి, సర్కారు ముందు నమ్మిన బంటువి. రెండు చేతులా తినాలని చూశావు. నీలాంటి వాళ్ళను నేను చానామందిని చూశాను. యుద్ధం ఎట్లా తిరిగితే అట్లా తిరుగుతారు మీరు.”

ఆ మాటకు యల్లమందయ్య మీసం మీద చెయ్యి వేశాడు. “సుబేదారు గారూ, అర్జీ సంగతి వదిలెయ్యండి. ఆకలికొద్దీ ఎవడో రాసిచ్చిన కాగితం మీద చెయ్యి పెట్టుంటాడు. ఫౌజులో చేరడం తప్పా? దేశం కోసం చేరాడు. తల ఎత్తుకుని చెప్పుకోవాల్సిన మాట. ఒరేయ్ జయరాజూ, భయపడమాక. ఊరంతా నీ వెనక ఉంది. చెప్పు!”

“చెప్పరా!” అంది జనం ఒక్క గొంతుతో.

“మిమ్మల్ని అడగలేదు నేను,” అన్నాడు అలీ సాహెబ్ అటు తిరగకుండానే. “తమరి పటాలం ఏదో తెలియదు గాని, నా ముందు సాక్షికి పాఠం చెప్పకండి.”

యల్లమందయ్య ముఖం కందగడ్డ అయింది. ఊళ్ళో ఆయనతో ఆ మాట అన్న వాడు అంతకు మునుపు లేడు.

జయరాజు చూపు ఒకరి నుంచి ఒకరికి తిరిగింది. ఒకడు తనను ద్రోహి అంటున్నాడు, చెయ్యని పనికి. ఒకడు వీరుడంటున్నాడు, అదే చెయ్యని పనికి. ఇద్దరికీ మధ్య తానెవరో తెలిసిన మనిషి ఒక్కతే, మెట్ల కింద బైబిలు పట్టుకుని నిలబడి ఉన్నది.

“ప్రమాణం చేసి చెపుతానండి,” అన్నాడు.

సువార్తమ్మ మెట్లెక్కి వచ్చింది. ఎవరి అనుమతీ అడగలేదు. గుడ్డ విప్పి గ్రంథాన్ని మగని ముందు పట్టుకుంది. జయరాజు రెండు వేళ్ళు మిగిలిన చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచేయి దాని మీద ఉంచాడు.

“పరలోకమందున్న తండ్రి సాక్షిగా చెపుతున్నా. నేను ఆ ఫౌజులో చేరలేదు.”

జనంలోంచి లేచిన శబ్దం కోపమో, విస్మయమో మొదట తెలియలేదు. తరువాత తెలిసింది.

“ఏందిరా నువ్వనేది?” యల్లమందయ్య బల్ల మీది నుంచి లేచాడు. “మరి ఆ దండలేంది? ఆ చాపకూడేంది? నా పక్కన కూర్చుని తిన్న తిండేంది?”

“మీరు పెట్టారు, తిన్నానయ్యా. మీరు వేశారు, మెడ వంచాను. కాదని చెప్పకపోవడం నా తప్పే. ఆ తప్పు ఒప్పుకోవడానికే వచ్చాను.”

“అంటే తెల్లోళ్ళ సిపాయిని ఊరేగించామా మేము?” అని అరిచాడొకడు. “మా కోడలు పాదాలకు నీళ్ళు పోసిందిరా నీకు!” అంది ఒక ముసలమ్మ. ఎవరో విసిరిన మట్టిబెడ్డ వచ్చి అతని భుజం మీద పడి పొడి అయింది. సువార్తమ్మ అటు తిరిగి, “వెయ్యండి! ఆ రోజు పూలేసిన చేతులేగా, వెయ్యండి! అడిగాడా ఈయన మిమ్మల్ని పూలెయ్యమని? మీ యల్లమందయ్య ఓట్ల కోసం మీరు తేరు కట్టుకుని, మా మనిషిని ఎక్కించి లాక్కున్నారు. ఇప్పుడు దిగుతానంటే రాళ్ళా?” అంది.

“ఏమే, నోరు పెద్దదవుతోంది!” అన్నాడు యల్లమందయ్య. “నోటు సంగతి మరిచిపోయావా?”

“మరవలేదు. వేలిముద్ర వేసింది నేనే. ఆయన జీతం రానివ్వు, అణాతో సహా నీ ముందు పోస్తా. నీ దయ మాకొద్దు.”

యల్లమందయ్య పైకండువా భుజాన విసురుకుని మెట్లు దిగాడు. “రానిస్తేగా జీతం! చూస్తా,” అన్నాడు. అయితే ఇంటికి పోలేదు. జనం మధ్య, చెవులు ఇటే పెట్టి నిలబడ్డాడు.

అలీ సాహెబ్ ఆ గొడవంతా కన్నెత్తి చూడలేదు. గోల సద్దుమణిగాక కలం చేతిలోకి తీసుకుని, “ఎందుకు చేరలేదు?” అని అడిగాడు. ఆ గొంతులో నమ్మకం లేదు; ఉచ్చు వేసే వేటగాడి ఓర్పు ఉన్నది.

“పటాలంలో చేరిననాడు ఈ పుస్తకం మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేశానండి. చేసిన ప్రమాణం ఒకటి ఉండగా రెండోది ఎట్టా చేసేది? ఫౌజులో చేరినోళ్ళు చెడ్డోళ్ళని నేననను. వాళ్ళు దేశం కోసమే చేరారు. తిండి కోసం చేరినోళ్ళూ ఉన్నారు. వాళ్ళ లెక్క వాళ్ళు దేవుడికి చెప్పుకుంటారు. నాకు మాత్రం రెండో ప్రమాణం లేదండి. అందుకని నన్ను ఓడెక్కించి ద్వీపానికి తోలారు. అక్కడ రాళ్ళు పగలగొడుతూ ఉంటే ఈ వేళ్ళు పోయాయి.”

“ఈ కథ ఇప్పుడు అందరూ చెపుతున్నారు. ఏ శిబిరం నీది, ద్వీపానికి పోకముందు?”

“సింగపూరులో సెలెటార్ అండి.”

అలీ సాహెబ్ కలం కాగితం మీద ఆగింది. “సెలెటార్,” అని మెల్లగా అన్నాడు. “అక్కడ ఖైదీలను ఫౌజులోకి పిలవడానికి ఒక్కొక్క జిల్లా వారి దగ్గరికి ఆ జిల్లా వాడినే పంపేవారు. నాకు తెలుసు. మీ గుంటూరు జిల్లా వాళ్ళ దగ్గరికి వచ్చి ఉపన్యాసం చెప్పినవాడెవడు? అతడి పేరు చెప్పు. నువ్వు నిజంగా అక్కడ ఉండి, నిజంగా కాదన్నవాడివైతే ఆ పేరు నీకు తెలిసి తీరాలి. అది చెపితే నీ పేరు ఎదుట ‘తెలుపు’ అని రాస్తాను. చెప్పలేకపోతే నువ్వు చెప్పిందంతా అబద్ధం.”

జయరాజుకు ఆ పేరు తెలుసు. ఆ మనిషీ తెలుసు. తమ పటాలంలోనే నాయకుడుగా చేసినవాడు. ఫౌజు టోపీ పెట్టుకుని వచ్చి, శిబిరంలో నిలబడి, తెలుగులో మాట్లాడి కన్నీళ్ళు పెట్టించినవాడు. రాను అన్న జయరాజు మీద కోపగించుకోలేదు. ఆ రాత్రి చలిజ్వరంతో పడి ఉంటే, కాపలావాడి కన్నుగప్పి వచ్చి, గుప్పెడు మాత్రలు నోట్లో పోసి, “నీ దారి నీదే తమ్ముడూ, బతికి మాత్రం ఉండు,” అని వెళ్ళిపోయాడు. తరువాత ఫౌజుతో బర్మా అడవుల్లోకి నడిచాడని విన్నాడు. మళ్ళీ ఏ కబురూ లేదు.

“తెలుసండి,” అన్నాడు. “చెప్పలేను.”

“ఎందుకు?”

“ఆయన నా ప్రాణం నిలబెట్టాడు. ఆయన పేరు కాగితానికి ఎక్కిస్తే, ఆయన ఇంటి వాళ్ళకు ఏమి నష్టం వస్తుందో నాకు తెలియదు.”

“వస్తుంది. రావాలి!” అలీ సాహెబ్ కుర్చీలోంచి లేచాడు. అంత సేపూ చల్లగా ఉన్న ఆ ముఖం ఒక్కసారిగా రాజుకుంది. “ఉప్పు పెట్టిన చేతిని కరిచినవాడి ఇంటికి పింఛను ఎందుకు పోవాలి? ద్రోహిని దాచేవాడూ ద్రోహే. ఆ సెలెటార్ నుంచి బతికి వచ్చి, నా ముందు ద్రోహిని దాస్తాననడానికి నీకు నోరెట్లా వచ్చింది? నా బిడ్డ అక్కడే చచ్చాడు. ఆకలితో చచ్చాడు గాని ఫౌజు ముద్ద ముట్టలేదు. కసం తప్పలేదు, చేసిన ప్రమాణం తప్పలేదు. చెరలో చనిపోయాడని పటాలం వాళ్ళు రాశారు. నా కోడలు గుల్షన్ ఆ పింఛను మీదే బతుకుతోంది. నెలనెలా ఆ డబ్బు తెచ్చి ఆమె చేతిలో పెట్టేటప్పుడు నేను ఏమంటానో తెలుసా? ఇది నా మౌలాలీ రక్తం, హలాల్, మచ్చలేని సొమ్ము అంటాను.”

మౌలాలీ.

జయరాజుకు చావడి కప్పు తల మీదికి దిగినట్టయింది. తాను పేరు చెప్పనన్న ఆ నాయకుడి పేరు మౌలాలీ. క్రోసూరు మౌలాలీ. తన నోట్లో మాత్రలు పోసిన ఆ మనిషి తండ్రే తన ఎదుట నిలబడి, ఆ మనిషినే పట్టి ఇమ్మంటున్నాడు.

సువార్తమ్మకు ఇదేమీ తెలియదు. మగడు ఆ పేరు ఆమెకు ఏనాడూ చెప్పలేదు. ఆమెకు కనబడుతున్నది ఒక్కటే: పెదవి కదిపితే చెక్క దక్కుతుంది, కదపకపోతే పోతుంది. ఆమె బైబిలును మరింత దగ్గరికి పట్టింది. “చెప్పవయ్యా,” అంది, కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. “ఎవడో ఏమో, వాడి కోసం మనం అడుక్కు తినాలా? దేవుడి మీద చెయ్యి పెట్టావు. నిజం సగమే చెపుతావా?”

ఆ మాట సూటిగా తగిలింది. రెండో ప్రమాణం లేదని ఇప్పుడే ఊరంతా వినేట్టు చెప్పుకున్నాడు. ఈనాడు చేసిన ఈ ప్రమాణం నిలవాలంటే పేరు చెప్పాలి. చెపితే జీతమొస్తుంది, పింఛనొస్తుంది, నోటు తీరుతుంది. క్రోసూరులో ఒక విధవరాలి ఇంట పొయ్యి ఆరిపోతుంది. ఎదుటి ముసలివాడు ఇన్నేళ్ళూ హలాల్ అని ఇంటికి మోసిన రూకలు ఆయన గొంతుకే అడ్డం పడతాయి.

అలీ సాహెబ్ మళ్ళీ కూర్చుని, కలం పట్టుకుని, తన చేతులతో తానే తెల్లకాగితాన్ని సరిచేసుకున్నాడు. “ఆఖరిసారి అడుగుతున్నాను. ఆ ద్రోహి పేరేమిటి?”

జయరాజు గ్రంథం మీది నుంచి చెయ్యి తీయలేదు. అతని నోట వచ్చింది పేరు కాదు, ఒక ప్రశ్న.

“సుబేదారు గారూ, మీ కోడలు గుల్షనమ్మకు పిల్లలున్నారాండీ?”

“నా కోడలి సంగతి నీకెందుకు?” అని ఆయన మండిపడ్డాడు. “అడిగినదానికి జవాబు చెప్పు!”

ముసలివానికి అర్థం కాలేదు. సువార్తమ్మకు అర్థం కాలేదు. జనంలో ఎవరికీ అర్థం కాలేదు, ఒక్కనికి తప్ప. మనుషుల లొసుగులను వాసన పట్టి ఆస్తులు కూడబెట్టిన యల్లమందయ్య, జయరాజు ముఖాన్నీ, సుబేదారు ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన పెదవుల మీద చిరునవ్వు మెల్లగా పాకింది. జనాన్ని తోసుకుని వచ్చి, విసవిసా దిగిపోయిన ఆ మెట్లనే ఈసారి తీరికగా ఎక్కాడు.

“చెప్పరా జయరాజూ,” అన్నాడు, తేనె పూసిన గొంతుతో. “సుబేదారు గారు అంత ముచ్చటపడి అడుగుతుంటే చెప్పవేందిరా? నువ్వు చెపుతావా, నన్ను చెప్పమంటావా?”